రాకెట్‌కు అడ్డొచ్చిన తుమ్ము

ఈ సాయంత్రం కొండాపూర్‌లోని మా ఫ్లాట్‌లో కొత్త సైన్స్ ఫిక్షన్ సిరీస్ మొదటి ఎపిసోడ్ పెట్టాను. గ్రాఫిక్స్‌ను జనం తిట్టే తిట్లు ఫోన్‌లో చదువుకుంటూ నేను నవ్వుతున్నాను. మా వంటమనిషి యాదమ్మ మాత్రం పని ముగించుకుని నా పక్కన కూర్చుని కళ్లార్పకుండా చూస్తోంది. కథలోని అమ్మాయి రాకెట్ ఎక్కి కూర్చోగానే నాకు తుమ్ము వచ్చింది.

"ఆపు బిడ్డా, జర ఆపు! ఒంటి తుమ్ము తుమ్మితివి. ఆ పిల్ల గిట్లెట్ల పోతది?"

ఆపాను. గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి నా చేతికిచ్చింది.

"నాకెందుకు యాదమ్మా?"

"ఆమెకెట్ల ఇస్త? ఆమె బదులు నువ్వు తాగు."

తాగాను. మళ్లీ మొదలుపెట్టాక, రాకెట్ క్షేమంగా పైకి లేచేదాకా ఇద్దరం ఊపిరి బిగబట్టాం.

గ్రాఫిక్స్ బాగాలేవని రాసినవాళ్లందరూ నిజం చెప్పండి. మీలో ఒక్కరైనా ఆ పిల్లకు మంచినీళ్లిచ్చి పంపారా?