మూడో రీడింగు

ఆమె పనిచేసే ప్రయోగశాలలో థర్మామీటర్లను పరీక్షిస్తారు. నీటి తొట్టిలో ప్రామాణికమైన థర్మామీటరును, దాని పక్కనే పరీక్షకు వచ్చినదాన్ని నిలబెడతారు. వేడి నిలకడకు వచ్చాక ఇద్దరు మనుషులు విడివిడిగా అంకె చదవాలి. మొదటివారు చదివింది రెండోవారికి చెప్పకూడదు. ముఖం చూసి కూడా అంకెను పసిగట్టవచ్చు కనుక, చదివినవారు గోడవైపు తిరిగి నిలబడాలి. రెండు రీడింగులూ కలవకపోతే, ఆ రెంటినీ చూడని మూడో మనిషిని పిలుస్తారు. ఆమె ఉద్యోగమంతా ఈ పద్ధతిలోనే గడిచింది. తోటివారు ఆమెను ‘దశాంశం’ అనేవారు. చాటుగా కాదు, ఎదురుగానే. ఆమె పలికేది కూడా.

భర్త పరిచయమైందీ ఆ తొట్టి దగ్గరే. ఎక్కువగా రెండో రీడింగు ఆయనదే. “మీ ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తే ముందు థర్మామీటరుకు పరీక్ష, తర్వాతే మనిషి వంతు” అని ఆమె చెల్లెలు ఆటపట్టించేది.

ఆయన అప్పటికే పదవీ విరమణ చేశారు. ఆమెది కూడా దగ్గరపడింది. అది కాగానే ఇద్దరూ ఇటలీ చూసి రావాలని అనుకున్నారు. ఏర్పాట్ల బాధ్యత ఆమె తీసుకుంది. రోములో దిగడం, రైల్లో ఫ్లోరెన్స్, అక్కణ్నుంచి వెనిస్, తిరుగు విమానం వెనిస్ నుంచే. వెళ్లిన దారినే వెనక్కి రానక్కరలేదు. గదులు స్టేషన్లకు దగ్గరగా ఉండాలి. వెనిస్‌లో వంతెనకు వంతెనకు మెట్లుంటాయి కనుక పెట్టె ఎవరికి వారు మోయగలిగినంతే ఉండాలి. రెండు నిండు పెట్టెలను మేడ మెట్ల మీదుగా ఒకసారి ఎక్కించి దించి చూసింది కూడా. ఆయన మెట్ల దగ్గర నిలబడి నవ్వారు.

ఒకరోజు మధ్యాహ్నం క్యాంటీన్లో ఫోను తెరిచింది. ఫ్లోరెన్స్‌లో గది ఖాయమైనట్టు మెయిలు వచ్చింది. ఫ్లోరెన్స్ గది అంతకుముందు వారమే ఖాయమైంది. ఇది వేరే హోటలు. తేదీలు అవే, పేరు తనదే. తాను చేసినట్టు ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

పొరపాటున ఎక్కడో నొక్కి ఉంటానని సర్దిచెప్పుకుంది. నాలుగు రోజుల తర్వాత వెనిస్‌లోనూ రెండో గది కనిపించింది. అప్పుడు ఆమెకు అమ్మ గుర్తొచ్చింది.

వాళ్లమ్మ మొదట మరిచిపోయింది మనుషుల్ని కాదు, చేసిన పనిని. టీలో చక్కెర రెండుసార్లు వేసేది. తడిసి ఉన్న మొక్కలకే మళ్లీ నీళ్లు పోసేది. అందరూ నవ్వారు, తానూ నవ్వింది. తర్వాత కొన్నాళ్లకు తన కూతుళ్లు ఎవరో ఆవిడకు తెలియలేదు. అది మొదలైనప్పుడు అమ్మకు ఉన్న వయసే ఇప్పుడు తనది.

మతిమరుపు పరీక్షల్లో అడిగినట్టు, బస్సులో వందలోంచి ఏడేసి తీసివేస్తూ పోవడం మొదలుపెట్టింది. ఎప్పుడూ తప్పలేదు. అయినా ధైర్యం రాలేదు. ఇంటి తాళం వేశాక మెట్లు దిగి, మళ్లీ ఎక్కి చూసేది. తొట్టి దగ్గర తన అంకె ఎదుటివారి అంకెతో కలిసిందని వినేదాకా ఊపిరి బిగబట్టేది. భర్తకు చెప్పలేదు. చెబితే అది నిజమైపోతుందని భయం. చెల్లెలికి మాత్రం ఫోను చేసింది.

“అమ్మకు ఎలా మొదలైందో నీకు గుర్తుందా?”

“ఇప్పుడెందుకక్కా ఆ మాట?”

“ఊరికే.”

“నువ్వు ఊరికే అడిగే మనిషివా? ఉప్పు కూడా తూచి వేస్తావు. ఏం జరిగింది?”

“ఏమీ లేదే. పెట్టెలు సర్దుకోవాలి.”

“ప్రయాణానికి ఇంకా ఎన్నో నెలలున్నాయి కదక్కా.”

ఆమె ఫోను పెట్టేసింది.

ఆ ఆదివారం ఉదయం టిఫిను ముగించాక చెప్పింది. “ఏమండీ, ఇటలీ వద్దు.”

“ఏమైంది?”

“నాకు ఒంట్లో బాగోలేదు.” బాగోలేనిది ఒళ్లు కాదని చెప్పడానికి నోరు రాలేదు. ఫోను తెరిచి, రెండేసి గదులున్న మెయిళ్లు ఆయన ముందు పెట్టింది. “వీటిలో సగం నేను ఎప్పుడు చేశానో నాకు తెలియదు.”

ఆయన మెయిళ్లు ఒక్కొక్కటే చూశారు. “ఈ రెండోవి నేను చేశాను” అన్నారు.

“మీరా?”

“ఇంట్లో కంప్యూటర్లో నీ ఖాతా తెరిచే ఉంటుంది కదా. నీ ఏర్పాటు చూడకుండా, ఊళ్లూ తేదీలూ మాత్రం తీసుకుని నా అంతట నేను చేశాను. తర్వాత రెండూ పక్కపక్కన పెట్టి చూద్దామనుకున్నాను. ఎలాగూ రద్దు చేసుకోవచ్చు. మెయిలు నీకు వస్తుందని తోచలేదు.”

ఆమె కుర్చీలో వెనక్కి వాలింది. గుండెల మీంచి బండ దిగింది. నవ్వొచ్చింది కూడా. “మీ రెండో రీడింగు పిచ్చి తగలెయ్య. నా ప్రాణం తీశారు కదండీ.”

ఆయన నవ్వలేదు.

అప్పుడు ఆమెకు తట్టింది. ప్రయోగశాలలో సరే, అక్కడ ప్రతి అంకెనూ ఇద్దరు చదువుతారు. ఇంటి పనుల్లో తాను చేసినదాన్ని ఆయన ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా సరిచూడలేదు.

“ఇప్పుడే ఎందుకు చేశారు?”

ఆయన కంచంలో వేలు కదిపారు. “ఫ్లోరెన్స్‌లో ఎన్ని రాత్రులుందామని అడిగావు. మూడన్నాను. కాసేపటికి మళ్లీ అడిగావు, మొదటిసారి అడిగినట్టే. మర్నాడు కూడా.”

“నేనా?”

“నిద్ర చాలక అనుకున్నాను. అనుకోవాలని అనుకున్నాను.”

ఆమె జ్ఞాపకమంతా వెతికి చూసుకుంది. ఆ ప్రశ్న ఎక్కడా లేదు. మసకగానైనా లేదు. గదుల సంగతిలో ఆమె భయం తప్పు. అసలు భయం తప్పని తేల్చే ఆధారం మాత్రం ఆమె దగ్గర లేదు.

ఆమె లేచి కంచాలు తీసింది. “మీదొకటి, నాదొకటి. కలవలేదు” అంది. గొంతు ఆఫీసులో ఉండేలాగే ఉంది. “మూడో మనిషిని పిలవాలి. మీరేం చూశారో డాక్టరమ్మకు ముందే చెప్పకండి.”

“గదులు?”

“రెండూ ఉండనీండి.”

డాక్టరమ్మ గది చిన్నది. బల్ల ఒకవైపు డాక్టరమ్మ, మరోవైపు ఆమె. ఆయనకు తలుపు పక్కన కుర్చీ. డాక్టరమ్మ మూడు మాటలు చెప్పి, గుర్తుంచుకోమంది. తర్వాత తీరిగ్గా అడిగింది. “ఎక్కడికైనా వెళ్లాలనుకుంటున్నారా?”

ఆమె రోము అంది, ఫ్లోరెన్స్ అంది, వెనిస్ అంది. రైళ్లు ఎక్కడ ఎక్కాలో, వంతెనల మెట్ల మీద పెట్టె ఎలా పట్టుకోవాలో కూడా చెప్పింది. డాక్టరమ్మ ఆసక్తిగానే విన్నది.

“చాలా బాగుంది. ఇందాక నేను చెప్పిన మూడు మాటలేమిటి?”

మొదటిది చెప్పింది. రెండోది చెప్పింది. మూడోదాని దగ్గర ఆగిపోయింది. తెలియకుండానే భర్తవైపు తిరిగింది.

ఆయన కుర్చీలోంచి లేచి, గోడవైపు తిరిగి నిలబడి ఉన్నారు.