సన్యాసి నూతి నీళ్ళతో కాచిన బీరు

పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీ బాయిలరు దగ్గర పనిచేసే సింహాచలానికి పేరులో సింహం, గుండెలో పిల్లి. ఆవిరి ఒత్తిడి చూపే ముల్లు కాస్త పైకి లేస్తే చాలు, తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కేస్తాడు. అలాంటివాడు ఇంటి వెనక రేకుల షెడ్డులో దొంగచాటుగా బీరు కాస్తాడంటే ఎవరు నమ్ముతారు? కానీ కాచేవాడు. వీధిలో జీపు చప్పుడైతే కుండ మీద గోనెపట్టా కప్పేసి, చప్పుడు దూరమయ్యాక మళ్ళీ పొయ్యి ఎగదోసేవాడు. చేతికి పట్టుబడిన విద్య పిరికివాణ్ణి కూడా కుదురుగా ఉండనివ్వదు మరి.

నేర్పింది పక్కవాటాలో ఉండే కిరణ్ కుమార్. బెంగళూరు కంపెనీ ఉద్యోగం ఇంట్లో కూర్చునే చేసుకుంటూ, బీరుకి కావలసిన చేదు పువ్వులూ పులియబెట్టే పొడీ కొరియర్లో తెప్పించేవాడు. మొలకెత్తించి ఎండబెట్టిన చోళ్ళు, అదే రాగులు, సింహాచలం చెల్లెలి మొగుడు సన్యాసి తెచ్చేవాడు. అతనిది పూండి దగ్గర పల్లె, కొబ్బరీ జీడీ తోట. ఆదివారం ముగ్గురూ షెడ్డులో చేరితే తాగేది గ్లాసెడు, వాదించుకునేది కుండెడు. నురగ నిలవాలా అక్కర్లేదా? బెల్లం పడ్డాక అది బీరా పానకమా? ఒక్క చేదు గురించే మధ్యాహ్నమంతా తన్నుకునేవారు.

అన్నిట్లోకీ పెద్ద తగువు నీళ్ళ దగ్గర వచ్చింది.

"క్యాను నీళ్ళు చచ్చిన నీళ్ళన్నా," అన్నాడు కిరణ్ కుమార్. "బెంగళూరులో అయితే ఆ నీళ్ళలో మళ్ళీ లవణాలు కొని కలుపుతారు. ఏ ఊరి బీరుకి ఆ ఊరి నీళ్ళే అందం."

"ఉద్దానంలో కూకుని నీళ్ళ అందం మాటాడతావేటి బాబూ?" అని సింహాచలం కసిరాడు. "క్యాను నీళ్ళయితేనే నాను పొయ్యి ముట్టిత్తాను."

అతని భయం ఉత్తినే పుట్టింది కాదు. పలాస చుట్టూ ఉన్న ఈ ఉద్దానం పల్లెల్లో మనుషుల కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఫలానా అని తేల్చి చెప్పినవాళ్ళు లేరు గానీ, నీళ్ళ మీద అనుమానం లేని ఇల్లూ లేదు. ఎవరైనా నడుం పట్టుకుంటే అందరి మనసూ అక్కడికే పోతుంది, పైకి ఎవరూ అనరు. సన్యాసి వాళ్ళ అన్నయ్య ఆ జబ్బుతోనే పోయాడు.

సన్యాసికి మాత్రం రోషం వచ్చింది. "మా నూతి నీళ్ళకేటైనాది బావా? మా తాత కాడ్నించి అయే తాగుతున్నాం. ఒక్కపాలి కాసి సూడు."

ఇద్దరూ ఒకటైతే మూడోవాడి మాట చెల్లుతుందా? సింహాచలం రెండు కుండలు పెట్టాడు, ఒకటి క్యాను నీళ్ళతో, ఒకటి నూతి నీళ్ళతో. పులిసి, సీసాల్లో నిలిచి, చల్లబడ్డాక ముగ్గురూ రుచి చూశారు. అబద్ధమెందుకు, నూతి నీళ్ళదే గెలిచింది. నోటినిండా ఉంది, చేదు కూడా మర్యాదగా దిగింది. "బాగుంది బావా" అని సింహాచలమే ఒప్పుకున్నాడు. సన్యాసి మొహం చాటంత చేసుకుని మిగిలిన సీసాలు సంచీలో వేసుకుపోయాడు.

ఆ వారంలోనే ఒక ఉదయం ఫ్యాక్టరీలో ఉండగా చెల్లెలు మాధవీలత ఫోను చేసింది.

"అన్నియ్యా, మీ బావకి మొకమంతా ఉబ్బిపోనాది. కాళ్ళు నొక్కితే గుంట పడిపోతన్నాయి. ఒకటే వాంతులు. ఆ సీసాల్లో ఏటి పోసి పంపినావు?"

సింహాచలానికి ఎదురుగా బాయిలరు గొట్టాలు కనిపిస్తున్నాయి. నీళ్ళు ఆవిరైపోతే వాటిలో ఉన్నది ఎక్కడికీ పోదని అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ గొట్టాల లోపల పేరుకున్న తెల్లటి పొరను గీకేది తనే కదా! బీరు కుండ కూడా అలాగే మరిగింది. మరిగి మరిగి నీళ్ళు మూడో వంతు తగ్గాయి. అంటే ఆ నూతిలో ఉన్న విషమేదో చిక్కబరిచి చెల్లెలి మొగుడికి తనే పోశాడన్నమాట.

బండి తీసి పూండి దారి పట్టాడు. మధ్యలో ఆపి కిరణ్ కుమార్‌కి ఫోను చేశాడు. "నాలుగు సీసాలకే అలా అవదన్నా," అన్నాడు అతను. మళ్ళీ తనే, "అయినా మొదట్నుంచీ క్యాను నీళ్ళే వాడుంటే..." అని నసిగాడు. ఎంత చక్కగా మాట మార్చాడో చూడండి! సింహాచలానికి తిట్టే ఓపిక కూడా లేదు. జీడి తోటల మధ్య పోతున్నంతసేపూ "నా బీరు కాకూడదు తండ్రీ, నా చెల్లికి నా వల్ల ముప్పు రాకూడదు" అని బయటికే అనుకుంటూ పోయాడు.

ఆటోలో సన్యాసిని పలాస ఆస్పత్రికి తెచ్చారు. రక్తం తీసుకుని బయట బల్ల మీద కూర్చోమన్నారు. మాధవీలత డాక్టరు ఎప్పుడొస్తాడో కనుక్కోవడానికి వెళ్ళింది. సన్యాసి మెల్లగా బావ చెయ్యి పట్టుకున్నాడు.

"నీ బీరు కాదు బావా. నువ్వలగ వణికిపోకు."

"మరేటి?"

"నాకు నిరుడే తెలుసు. టెక్కలిలో పరీచ్చ సేయించుకున్నాను. కిడ్నీలు పాడైపోనాయన్నారు. మాధవికి సెప్పనేదు. మా వదిన ఆస్పత్రుల సుట్టూ తిరిగి ఎలగైపోనాదో అది సూసినాది కదా."

"తెలిసీ ఆ నీళ్ళతోనే కాయమని ఎందుకు గోల సేసినావు?"

సన్యాసి బావ చెయ్యి వదల్లేదు. "ఆ నూతిలోకి తొంగి సూడాలంటే నాకు భయం బావా. ఎవులో ఒకులు మంచి నీళ్ళని అంటే వినాలనిపించినాది."

తన వల్ల కాదు! సింహాచలం గుండె మీంచి బండ దింపినట్టయింది. ఆ మరుక్షణమే తన ఊరటకి తనకే సిగ్గేసింది, ఆ సిగ్గు వెనకే అసలు భయం వచ్చి పడింది. బీరు చేసిన చెరుపైతే ఒంట్లోంచి దిగిపోయేది. ఇది దిగేది కాదు. దారి పొడుగునా ఒకటి మొక్కిన మనిషి ఇప్పుడు దానికి ఎదురు మొక్కుకున్నాడు. నా బీరే కావాలి తండ్రీ, తప్పు నాదే కావాలి.

మాధవీలత పరుగున వచ్చింది. "డాక్టరు వత్తన్నాడు. అన్నియ్యా, నిజం సెప్పు. నీ మందు వల్లే కదా? అది దిగిపోతే తగ్గిపోద్ది కదా?"

ఆమె చూపు చూస్తే, కాదని అనగలిగే మనిషెవరు? సన్యాసి తల దించుకున్నాడు.

"అవునమ్మా," అన్నాడు సింహాచలం. "నా మందే."

మాధవీలత బల్ల మీద కూలబడి, అన్న భుజం మీద దబదబా బాదింది. నీ చేతులు పడిపోనూ, నీ కుండలు పగిలిపోనూ, బుద్ధుందా నీకు అని వరండా అంతా వినబడేలా తిట్టింది. తిడుతూనే కళ్ళు తుడుచుకుంది. భర్త వైపు తిరిగి, "బయపడకు, ఏటీ నేదు, మందేనట" అని నవ్వింది కూడా. డాక్టరు కాగితం చూసుకుంటూ వరండాలో ఇటే వస్తున్నాడు. ఆయన కాస్త నెమ్మదిగా నడిస్తే బాగుండునని, చెల్లెలు ఇంకాసేపు తిడితే బాగుండునని సింహాచలం భుజం ఒగ్గి కూర్చున్నాడు.