చెంపదెబ్బలు తినే పనివాడు

ఇవాళ మన గోదావరిఖని బడి దోస్తుల వాట్సాప్ గ్రూపులో ఎవరో ఓ స్టిక్కర్ పెట్టారు. పాత కామెడీ సినిమాలో పనివాడు, చెంప పట్టుకుని నిలబడ్డాడు. అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది.

గుర్తుందా, కాలనీ గ్రౌండులో తెర కట్టి ఆ సినిమా వేసిన సాయంత్రం? ఫస్టు షిఫ్టు దిగి, కళ్ల అంచున బొగ్గు నలుపు పోని మన బాపులంతా చాపల మీద కూర్చున్నారు. హీరో పుస్తకం చదివినట్టు మాట్లాడాడు. పనివాడు మన యాసలో మాట్లాడి తన్నులు తిన్నాడు.

"అరే, వీడు మన లెక్కనే మాట్లాడుతున్నడు!" అని అందరికన్నా గట్టిగా నవ్వింది మా బాపే.

మర్నాటి నుంచి బొగ్గు బాయి మీద ఆఫీసర్ సార్లు ఆయన్ని ఆ పాత్ర పేరుతోనే పిలవసాగారు. అమ్మ మండిపడితే, "నవ్వనియ్యి, మనదేం పోతది?" అన్నాడు. కానీ ఆ తర్వాత సార్ల ముందు నోరు విప్పలేదు. తల ఊపేవాడు, అంతే.

బాపు పోయాడు. ఆయన గొంతు ఏ ఫోనులోనూ లేదు. ఆయన యాస వినాలనిపిస్తే ఆ సినిమానే పెట్టుకుంటాను. పనివాడు నోరు తెరుస్తాడు. మాట పూర్తికాకముందే చెంప పగులుతుంది.