డెబ్బయ్యారు మోడల్ అంబాసిడర్

మా మేనత్త పోయిందన్న కబురు నాకు చిలకలగూడ బజారులో, చేతిలో కూరగాయల సంచితో నిలబడి ఉండగా అందింది. ఫోన్ చేసింది ఆమె కూతురు, నాకు వదిన. "అమ్మ నిద్రలనే పోయింది. నువ్వు జెర తొందరగ రా," అన్నది, అంతే. నేను వెళ్ళేసరికి వాకిలి నిండా ఆడవాళ్ళున్నారు. అందరూ నలభై, యాభై దాటినవాళ్ళే. గట్టి మనుషులు, విశాలమైన భుజాలు. ఒకామె రైల్వే డ్యూటీ నుంచి యూనిఫాంతోనే వచ్చేసింది. వాళ్ళంతా బడిలో మా అత్త దగ్గర కబడ్డీ ఆడినవాళ్ళు. ఏడుస్తున్నారు, మధ్యమధ్యలో కళ్ళు తుడుచుకుని నవ్వుతున్నారు. ఎవరు నోరు విప్పినా ఆ కార్ల ప్రదర్శన సంగతే వస్తోంది. ఆమెను ఎరగని మీకూ ఆ సంగతి చెప్పాలని అప్పుడే అనిపించింది.

మా అత్త ఆడపిల్లల సర్కారు బడిలో ఆటల టీచరు. నేత చీర కట్టి, కింద తెల్ల కాన్వాసు బూట్లు వేసుకునేది. పెళ్ళిళ్ళకూ అవే బూట్లు. బండి నడిపేటప్పుడు కుచ్చిళ్ళు బూట్ల మీద పడకుండా పిన్నీసు పెట్టుకునేది. ఇంట్లో స్టీలు గ్లాసులు కూడా వరుస తప్పితే ఊరుకునేది కాదు. మేము పిల్లలం అన్నం దగ్గర పోట్లాడుకుంటే తిట్టేది కాదు, వేలు పైకెత్తి "నువ్వు అవుటు, కొంచెం సేపు బయట కూసో" అనేది. బయట కూర్చునే వాళ్ళం. ఆమె అవుటంటే అవుటే, ఆమె సొంత కూతురికైనా.

ఆమె నడిపే అంబాసిడర్ కారును మా మామయ్య ఎవరి దగ్గరో పాతదిగా కొన్నాడు. ఆయన మౌలాలిలో రైల్వే ఉద్యోగి. కారు కొన్నాడే గానీ ఆయనకు నడపడమంటే భయం. పక్క సీటులో కూర్చుని పేపరు చదువుకోవడం ఇష్టం. అందుకని అత్త నేర్చుకుంది. ఆ రోజుల్లో బడి పిల్లలు వేరే జిల్లాలో పోటీలకు వెళ్ళాలంటే తల్లిదండ్రులు బస్సులో పంపేవాళ్ళు కాదు. "మేడమ్ కారులో అయితే పంపుతం" అనేవాళ్ళు. జట్టు మొత్తం ఆ కారులోనే పట్టేది. ఎట్లా పట్టేదని అడగకండి. ఒకరి ఒళ్ళో ఒకరు, డిక్కీలో సంచులు, ముందు సీటులో ముగ్గురు, వాళ్ళ మధ్య మడుచుకుని కూర్చున్న మామయ్య. వరంగల్లు పోయారు, నిజామాబాదు పోయారు, కప్పులు తెచ్చారు. తర్వాత పెట్రోలు ధర పెరిగితే మామయ్య దాని ఇంజను తీయించి డీజిలు ఇంజను పెట్టించాడు. అప్పట్లో చాలామంది చేసిన పనే అది.

ఒకసారి పోటీల్లో మా అత్త జట్టులో అందరికన్నా బాగా ఆడే పిల్లను వయసు దాటిందని పక్కన పెట్టారు. దాటింది వారం రోజులే. పిల్ల వెక్కివెక్కి ఏడ్చింది. అత్త అక్కడ గొడవ పడలేదు. ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని మిగతా జట్టును ఆడించింది. పోటీలన్నీ అయిపోయాక పెద్దల దగ్గరకు వెళ్ళి, వయసు లెక్కను పుట్టిన తేదీతో కాకుండా చదివే తరగతితో చూడమని అడిగింది. వాళ్ళు వినలేదు. మరుసటి ఏడాదీ అడిగింది. అప్పుడూ వినలేదు. ఎందుకు మళ్ళీ మళ్ళీ అడుగుతావంటే, "ఆట నడుస్తుండంగ రూలు మీద కొట్లాడొద్దు. ఆట అయినంక ఊకోవద్దు," అనేది. ఆమె మాటల్లో నాకు ఎక్కువగా గుర్తొచ్చేది ఇదే.

ఆమె రిటైరై, మామయ్య పోయాక కారు చాలాకాలం ఇంటి ముందు గుడ్డ కప్పుకుని ఉండిపోయింది. వారానికోసారి గుడ్డ తీసి, స్టార్టు చేసి, వీధి చివరిదాకా తీసుకెళ్ళి తెచ్చేది. తిరుమలగిరిలో ఏటా పాతకార్ల ప్రదర్శన జరుగుతుందని, ఒకసారి తీసుకెళ్దామని వదినే అన్నది. అత్త మొదట నవ్వింది. తర్వాత రెండు రోజులు కూర్చుని, చింతపండుతో బంపర్లు తోమింది.

మేము ముగ్గురం వెళ్ళాం. గేటు దగ్గర కుర్చీ వేసుకుని, ప్రదర్శన నడిపే సంఘం కార్యదర్శి ఉన్నారు. మిలటరీలో కర్నల్‌గా చేసి రిటైరైన పెద్దమనిషి, కోస్తావైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన కుటుంబం. బండి కాగితాలు చూసి ఆయన ముఖం చిన్నబుచ్చుకున్నారు. డెబ్బయ్యైదు డిసెంబరు ఆఖరులోగా తయారైన బండ్లకే లోపలికి ప్రవేశం. మాది డెబ్బయ్యారు జనవరిది.

మా వెనక ఇంకో రెండు బండ్లు ఆగి ఉన్నాయి. ఒకటి మౌలాలి నుంచి వచ్చిన ఒక ముసలాయన జీపు. రెండోది ఒక కొత్త జంట తెచ్చిన చిన్న కారు. ఆ అబ్బాయి తండ్రి నడిపిన కారట. రెండూ ఎనభైల మొదట్లోవి.

కర్నల్ గారు అత్త తెల్లజుట్టు చూశారు, కారును చూశారు, లేచి నిలబడ్డారు. "అమ్మా, బండి ముచ్చటగా ఉందండి. నెల తేడాకి ఏం పట్టింపు? మీ బండి ఒక్కదాన్నీ పంపించేస్తాను, వెనక వరుసలో పెట్టించండి," అన్నారు.

"మరి నా ఎనకున్నోళ్ళ సంగతి?" అన్నది అత్త.

"వాళ్ళవి మరీ ఈమధ్యవండి. కుదరదు."

"అయితే నాది సుత కుదరదు సార్. రూలుంటే అందరికుండాలె. ఇయ్యాల మీ ఆట నడుస్తున్నది, నేను అడ్డం రాను. రేపు మీ ఇంటికొస్త, కూసొని మాట్లాడుకుందం."

రివర్సు తీసి, మైదానం గోడ పక్కన రోడ్డు మీద ఆపింది. వదినకు కోపం వచ్చింది. పిలిచి మరీ లోపలికి రమ్మంటే బయట కూర్చోవడం ఏమిటని. అత్త ఆ జీపు ముసలాయన్నీ, ఆ జంటనూ పిలిచి వాళ్ళ బండ్లు కూడా అక్కడే పెట్టించింది. ఇంటికి వెళ్ళిపోదామనుకున్నవాళ్ళు ఆగారు. టీ తాగడానికి బయటికి వచ్చిన జనం మా బండ్ల దగ్గర గుమిగూడడం మొదలుపెట్టారు. లోపల రాజుల కాలంనాటి బండ్లు చూసి అబ్బురపడినవాళ్ళు, బయట వీటిని చూసి ఎవరి కథ వాళ్ళు చెప్పుకుంటున్నారు. మా నాన్న ఇట్లాంటిదాంట్లోనే పెళ్ళికొడుకై వచ్చిండని ఒకాయన, నేను ఇట్లాంటి జీపులోనే ఆస్పత్రికి పోతూ దారిలో పుట్టానట అని ఇంకొకామె. అత్త బానెట్‌కు ఆనుకుని అన్నీ విన్నది.

అన్నమాట ప్రకారం మర్నాడు కర్నల్ గారింటికి వెళ్ళింది. తోడుగా నేనూ వెళ్ళాను. ఆయన, ఆయన భార్య మర్యాదగా కూర్చోబెట్టి టిఫిను పెట్టారు. ఆయన అంతా విని, ఇది తనొక్కడు తేల్చేది కాదని, సంఘం మీటింగుకు వచ్చి చెప్పమని పిలిచారు. ఆ మీటింగుకు ఒకసారి కాదు, చాలాసార్లు తిరిగింది. మొదటిసారి వాళ్ళు ఆమెకు టీ ఇచ్చి, మాట వినకుండానే పంపించారు. ఆమె పరేషాన్ కాలేదు. మళ్ళీ వెళ్ళింది.

చివరికి ఆమెను మాట్లాడమన్న రోజు నేను పక్కనే ఉన్నాను. బడిలో పిల్లలను వరుసలో నిలబెట్టి మాట్లాడినట్టే మాట్లాడింది.

"మీరు ఈ రూలు పెట్టుకున్ననాడు డెబ్బయ్యైదు బండికి ఇరవై ఏండ్లే. దాన్ని పాతది అన్నరు, మంచిగనే అన్నరు. నా బండికి ఇప్పుడు యాభై కావస్తున్నది. ఇది కొత్తదెట్లయితది సార్? మీరు గీత గీసిన్రు, కాలం ముంగటికి నడిచింది, గీత మాత్రం ఆడనే ఉన్నది. గీత సుత నడవాలె."

తర్వాత అభ్యంతరాలు వచ్చాయి. గేటు తెరిస్తే ఊళ్ళో ఉన్న డొక్కు టాక్సీలన్నీ వచ్చి నిండుతాయని ఒకాయన అన్నాడు. ఆ టాక్సీ నలభై ఏళ్ళు ఈ ఊరిని మోసి ఉంటే దానికన్నా గౌరవించదగ్గ బండి ఏముందని అత్త అడిగింది. చివరికి కర్నల్ గారే మధ్యేమార్గం చెప్పారు. ఇకమీదట రూలులో ఏ సంవత్సరమూ పెట్టొద్దు. నలభై ఏళ్ళు నిండిన ఏ బండైనా రావచ్చు. కానీ తయారైననాడు ఉన్న రకం ఇంజనే ఉండాలి, దాని కాళ్ళ మీద అది నడిచి రావాలి. అందరూ అత్త వైపు చూశారు.

నేను టేబులు కింద నుంచి ఆమె చేయి గిల్లాను. మాది డీజిలు ఇంజను అన్న సంగతి అక్కడ మా ఇద్దరికే తెలుసు.

"న్యాయంగనే ఉన్నది. ఒప్పుకుంటున్న," అన్నది అత్త.

బయటికొచ్చాక నేను ఉండబట్టలేకపోయాను. ఇన్ని నెలలు తిరిగి, నీ బండికే పనికిరాని రూలు తెచ్చుకున్నావు కదా అత్తా అన్నాను. ఆమె పిన్నీసు సర్దుకుని స్టీరింగు పట్టుకుంది. "అందరికీ రూలు అడిగిన బిడ్డా. నా బండికి కొలత తీసి కుట్టియ్యమనలే," అన్నది. ఆ దారంతా ఆమె ఎంత హుషారుగా ఉందో చెప్పలేను. ఓడిపోయి వస్తున్న మనిషిలా లేదు. ఎన్నో ఏళ్ళ క్రితం వయసు దాటిందని పక్కన కూర్చోబెట్టిన ఆ పిల్ల పేరు తలుచుకుని, "దానికి ఫోన్ చేసి చెప్పాలె, ఈసారి గెలిచినమని," అన్నది.

మిగిలింది ఇంజను. చిలకలగూడలో ఆమె బండి చూసే మెకానిక్, పాత పెట్రోలు ఇంజను మంచిది దొరకడం కష్టమన్నాడు. అప్పటికే ఆమెకు గుండె బలహీనపడింది. కొంచెం నడిస్తే ఆయాసం. ఇంజను సంగతి తర్వాత, ముందు డాక్టరు దగ్గరకు పద అని వదిన పట్టుబట్టింది. అత్త రెండూ చేసింది. పొద్దున ఆస్పత్రి, సాయంత్రం ఫోన్లు. కబడ్డీ ఆడిన పిల్లలందరికీ కబురు పెట్టింది. వాళ్ళలో ఒకామె, ఇప్పుడు రైల్వేలో చేస్తోంది, తన అత్తగారింటి వెనక మూలనపడ్డ అంబాసిడర్ ఒకటి ఉందన్నది. బాడీ తుప్పు పట్టిపోయింది, ఇంజను మాత్రం పెట్రోలుదే, విప్పి చూస్తే బాగుంది. ధర ఎంతంటే ఆమె నొచ్చుకుంది. "మేడమ్, మీ కారెక్కకపోతే నేను ఆడుతుంటినా, నాకీ నౌకరీ వస్తుండెనా? తీస్కపోండ్రి," అన్నది. మెకానిక్ దాన్ని ఎక్కించి స్టార్టు చేసిన రోజు, అత్త కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకుని ఆ చప్పుడు విన్నది. డీజిలు దడదడ పోయింది. మామయ్య ఉన్నప్పటి మెత్తని చప్పుడు మళ్ళీ వచ్చింది.

ఆ ఏటి ప్రదర్శనకు దారంతా బండి వదిన నడిపింది. గేటు కనబడగానే అత్త ఆపమంది. దిగి, ఇటు తిరిగి వచ్చి, డ్రైవరు సీటులో కూర్చుంది. కర్నల్ గారు కుర్చీలోంచి లేచి, టోపీ తీసి చేత్తో పట్టుకున్నారు. బానెట్ ఎత్తి చూసి, "అమ్మా, ఈ ఇంజను ఎప్పుడు మార్పించారండి?" అని అడిగారు. "మొన్ననే సార్, అప్పటిదాంక డీజిలుదే ఉండె," అన్నది అత్త. అప్పటికి గానీ ఆయనకు ఆ మీటింగు రోజు ఆమె దేనికి ఒప్పుకుందో అర్థం కాలేదు. తానే ముందుకు నడిచి గేటు రెండు రెక్కలూ తీశారు.

లోపల దారికి అటూ ఇటూ మా అత్త దగ్గర ఆడిన పిల్లలు నిలబడి ఉన్నారు. వాళ్ళు ఇంతమంది వస్తారని మాకు తెలియదు. బండి గేటు దాటగానే వాళ్ళంతా ఒక్కసారి ఊపిరి పీల్చుకుని కబడ్డీ కూత మొదలుపెట్టారు. కబడ్డీ కబడ్డీ అంటూ బండితో పాటు నడిచారు, అమ్మమ్మలైనవాళ్ళు కూడా. బండి దాని చోటులో ఆగేదాకా కూత ఆపలేదు. ఇద్దరు ముగ్గురు ఊపిరాడక మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగిపోయారు, నవ్వుతూనే. అత్త కిందికి దిగి వాళ్ళందరినీ చూసింది. "గుక్క తగ్గింది మీకు, ప్రాక్టీసు లేదు," అన్నది.

ఆ రోజు బహుమతి వేరే ఏదో బండికి వచ్చింది. మా ఎవరికీ అది గుర్తు కూడా లేదు. మైదానంలో రెండో సగం కూడా తెరవాల్సి వచ్చింది, అన్ని బండ్లొచ్చాయి. మౌలాలి జీపు వచ్చింది. ఆ జంట చిన్న కారుతో పాటు ఆ అబ్బాయి తల్లిని కూడా తెచ్చారు. ఆమె వెనక సీటు దిగనే లేదు, అక్కడే కూర్చుని వచ్చిన వాళ్ళందరికీ పులిహోర పంచింది.

మా అత్త దగ్గర నేను కబడ్డీ ఆడలేదు. నాకు ఆటలు రావు. అయినా ఆమె దగ్గర నేర్చుకున్నది తక్కువేమీ కాదు. లోపలికి పిలిచినప్పుడు బయట ఎవరున్నారో తిరిగి చూడాలని ఆమెను చూసే తెలుసుకున్నాను. అందుకే ఈ నాలుగు మాటలు దుఃఖంగా రాయాలనుకున్నా నా చేత కావడం లేదు. ఆమె గెలిచి వెళ్ళింది.

ఆ రోజు ప్రదర్శన అయ్యాక, ఇంజను ఇచ్చినామె మౌలాలిలో ఉంటుంది, ఆమె ఇంటికి టీకి బయలుదేరాం. మా వెనక జీపు, చిన్న కారు, ఇంకా ఎవరెవరో. దారిలో రైల్వే గేటు పడింది. అత్త ఇంజను ఆపింది. వెనక అన్నీ ఒకదాని తర్వాత ఒకటి ఆగాయి. ప్యాసింజరు రైలు మెల్లగా వచ్చింది. తలుపుల దగ్గర నిలబడ్డవాళ్ళు ఈ పాతబండ్ల వరుస చూసి చేతులూపారు. ఒక పెట్టె చూసి ఇంకో పెట్టె, చివరి పెట్టెలో గార్డు కూడా తన పచ్చజెండాను ఊపాడు. అత్త కిటికీలోంచి చేయి బయటపెట్టి అందరికీ ఊపింది. రైలు పోయింది, దుమ్ము సర్దుకుంది. గేటు మెల్లగా పైకి లేచింది. ముందు మా అంబాసిడర్, దాని వెనక ఒకదాని తర్వాత ఒకటిగా అన్ని ఇంజన్లూ స్టార్టయ్యాయి. పొద్దు వాలుతున్న ఎండలో ఆమె మొదటి గేరు వేసి పట్టాలెక్కింది.