ఖాళీ కడుపుతో ఎవరెగురుతారు?

మా పత్రికకు సినిమా సమీక్షలు రాసేవారు హైదరాబాదులో ఉండేవారు. పెద్ద హీరోల తెలుగు బొమ్మలన్నీ వారి వంతు. వారు ముట్టుకోని డబ్బింగులు, హిందీలు జిల్లా పేజీలకు వచ్చేవి. ఏలూరు ఆఫీసులో ఆ పని నా నెత్తిన పడింది. వారమంతా మున్సిపల్ సమావేశాలు, ధాన్యం ధరలు, కొల్లేరు చేపల చెరువుల తగాదాలు రాసుకునేవాణ్ణి. శుక్రవారం వస్తే మాత్రం కళావిమర్శకుణ్ణయిపోయేవాణ్ణి.

రెండువేల సంవత్సరం దాటి కొన్నేళ్ళయింది. దసరా సెలవులు ముగిశాక ఒక హిందీ సినిమా వచ్చింది. గాలిలో ఎగిరే వీరుడి కథ. బొంబాయి ఇంగ్లీషు పత్రికలు రెండుగా చీలిపోయాయి. ఒకాయన పిల్లల ఆట అని కొట్టిపారేస్తే, ఇంకొకాయన మన పురాణాలకు కొత్త చొక్కా తొడిగారని మురిసిపోయాడు. హైదరాబాదు వారు అసలు పట్టించుకోలేదు. మా తరానికి ఎగిరే వీరులు కొత్తేమీ కాదు. చిన్నప్పుడు జానపద సినిమాల్లో వీరుణ్ణి మోసే తాళ్ళు స్పష్టంగా కనిపిస్తున్నా చప్పట్లు కొట్టినవాళ్ళం.

తాడేపల్లిగూడెంలో ఒక హాలు వారు ఆ బొమ్మను హిందీలోనే, వారం రోజులపాటు, ఉదయం ఆటకు మాత్రం వేస్తున్నారు. ఊళ్ళోని మార్వాడీ కుటుంబాల కోసం అప్పుడప్పుడూ అలా వేసేవారు. నేను వెళ్తానని తెలిసి ముందురోజే మా వదినగారు ఆఫీసుకు ఫోన్ చేశారు. వదినగారంటే మా ఆవిడ అక్కయ్య. గూడెంలో మిషన్ వారి కాలంనాటి ఒక హైస్కూల్లో హిందీ టీచరు.

"మరిదిగారూ, రేపు ఆ సినిమాకి వెళ్తున్నారంట కదా?"

"అవునండీ."

"బాగుందని రాయక్కర్లేదు. పిల్లలు చూడొచ్చా లేదా అన్నది మాత్రం చివర ఒక్క ముక్క రాయండి. చూడొచ్చు అనిపిస్తేనే సుమా."

ఆ ముక్క ఆవిడకు ఎందుకు కావాలో చెప్పాలి. ముప్పయ్యేళ్ళుగా ఆవిడ హిందీ చెబుతున్నారు. ఆ విద్యాసంవత్సరం చివర రిటైరవుతున్నారు. మా జిల్లాలో హిందీ అంటే మిగతా సబ్జెక్టుల కంటే తక్కువ మార్కులకే గట్టెక్కే పేపరు. గైడు కొని, జవాబులు బట్టీపట్టి, పరీక్షలో దించేసి, హాలు బయటికి రాగానే మరిచిపోయేవారు. పాసైనవాళ్ళు లెక్కలేనంత మంది. కానీ గైడులో లేని ఒక్క వాక్యాన్ని, సొంతంగా, తమకు చెప్పాలనిపించి చెప్పిన పిల్ల గాని పిల్లాడు గాని ఆవిడకు తగల్లేదు. వెళ్ళిపోయేలోపు అలాంటి వాక్యం ఒకటి వినాలని ఆవిడ కోరిక. తొమ్మిదో తరగతిని ఈ సినిమాకు తీసుకెళ్తే నోళ్ళు తెరుచుకుంటాయని ఆశ.

అడ్డమల్లా హెడ్‌మాస్టరుగారు. ఆయన చర్చిలో సంఘపెద్ద కూడా. "పేపర్లో ఏం రాస్తారో చూసి చెబుతానండీ టీచరుగారూ" అన్నారట. ఆయన సమీక్షను అడుగునుంచి చదువుతారు. ఆయనొక్కరే కాదు, మా వైపు అందరూ అంతే. పైన మేం ఎంత రాసినా, చివరి వాక్యంలో వెళ్ళొచ్చా వద్దా చూసుకుని పేజీ తిప్పేస్తారు.

శుక్రవారం ఉదయం రైలెక్కి గూడెం వెళ్ళాను. హాల్లో బంగారం కొట్లవారి కుటుంబాలు, కొంతమంది ఇంజనీరింగ్ కుర్రాళ్ళు, వాన తప్పించుకోవడానికి లోపలికొచ్చి నిద్రపోయిన రైస్‌మిల్లు గుమాస్తా ఒకాయన. నా హిందీ రైల్వేస్టేషన్ ప్రకటనల వరకే. అయినా గాలిలో ఎగిరేవాడికి భాషతో పెద్దగా పనిలేదు. ఒక అమాయకుడికి పాత కోట బావిలో కంకణం దొరుకుతుంది. తొడుక్కోగానే ఎగురుతాడు. ఒక మాంత్రికుడు నదిని ఊరిమీదికి తోలతాడు. మనవాడు ఆపాలి. సరిగ్గా ఆ సమయంలో తల్లి పీటవేసి కూర్చోబెట్టి రొట్టెలు వడ్డిస్తుంది. అతను తింటాడు. నెమ్మదిగా తింటాడు. కూర మళ్ళీ వేయించుకుంటాడు.

విశ్రాంతిలో బయటికొస్తే సోడాకొట్టు ఆయన అడిగాడు. "ఏవండీ, బొమ్మెలా ఉందండీ?"

"మీరు చూళ్ళేదా?"

"పోస్టరు చూశానండీ. చాలదేంటండీ?"

మధ్యాహ్నం ఏలూరు చేరి రాశాను. ఎగరడం బాగుందన్నాను. మాంత్రికుడి నవ్వు అవసరానికి మించి ఉందన్నాను. ఊరు మునిగిపోతుంటే రొట్టెలు తుంచుకుంటూ కూర్చున్న వీరుణ్ణి చూసి ప్రేక్షకులు గడియారాలు చూసుకున్నారని ఒక చురక వేశాను. ఆ చురక నాకు భలే నచ్చింది. దాని కింద, వదినగారు అడిగారని కాకుండా నిజంగానే అనిపించి, ఇలా ముగించాను. "లోపాలున్నా, పిల్లలతో కలిసి హాయిగా చూడదగ్గ సినిమా."

సాయంత్రం పేజీ పెడుతుండగా శ్రద్ధాంజలి ప్రకటన ఒకటి వచ్చింది. జిల్లా పేజీల్లో శ్రద్ధాంజలికి తిరుగులేదు. మంత్రిగారి వార్తనైనా రేపటికి జరపొచ్చు గాని వర్ధంతిని జరపలేం. డెస్కులో ఉన్న సబ్ ఎడిటరు నా సమీక్షను కాస్త కుదించాడు. ఎలా కుదించాలో అతనికి నేర్పింది నేనే. ముఖ్యమైనది పైన రాయాలి, చోటు చాలకపోతే కింద నుంచి కోయాలి అని కొత్తగా వచ్చిన ప్రతివాడికీ చెప్పేవాణ్ణి. అతను శ్రద్ధగా కింద నుంచి కోశాడు.

శనివారం పొద్దున్నే ఫోను.

"మరిదిగారూ, పిల్లల మాట ఏదండీ?"

"అన్నిటికంటే కింద ఉంటుంది చూడండి వదినగారూ."

"అన్నిటికంటే కింద ఎవరో పెద్దాయన ఉన్నారండీ. దండ వేసి."

పేపరు తెరిచాను. నా సమీక్ష రొట్టెల దగ్గర ఆగిపోయింది. సబ్ ఎడిటర్ని అడిగితే "మీరు చెప్పినట్టే చేశానండీ" అన్నాడు. కాదనడానికి లేదు.

సోమవారం స్టాఫ్ రూములో జరిగింది తర్వాత వదినగారే నాకు చెప్పారు. హెడ్‌మాస్టరుగారు పేపరు మడిచి పట్టుకుని వచ్చారట.

"ఏంటండీ టీచరుగారూ, ఊరు మునిగిపోతుంటే మీ హీరో భోజనం చేస్తున్నాడంట? మీ సొంత మరిదిగారే రాశారు."

"మా హీరో కాదండీ. అయినా బాలేదని చెప్పాలన్నా హిందీ రావాలి కదండీ. పిల్లలు చూసొచ్చి, ఎందుకు బాలేదో హిందీలో చెబుతారు."

"బాగుందంటేనో?"

"అదీ హిందీలోనే చెప్పాలండీ."

ఆయన "అయితే రాసినాయన్ని కూడా పిలవండి. చాటున అనడం కాదు, ఎదురుగా చెప్పాలి" అన్నారట. అలా అనుమతి దొరికింది, నాకు సమను అందింది.

బుధవారం ఉదయం తొమ్మిదో తరగతి వరసకట్టి సినిమాకు నడిచింది. మూడోరోజు నేను బడికి నడిచాను.

గదిలోకి వెళ్ళేసరికి అందరూ లేచి ఒక్క గొంతుతో "నమస్తే" అన్నారు. హెడ్‌మాస్టరుగారు వెనక బెంచీలో కూర్చున్నారు. ఒక అబ్బాయి లేచి చేతులు కట్టుకుని, "యహ్ ఫిల్మ్ బహుత్ అచ్ఛీ హై" అన్నాడు, సినిమా చాలా బాగుందని. పక్కవాడు లేచి అదే మాట అన్నాడు. మూడో వరస దాకా అదే వాక్యం అక్షరం మారకుండా నడిచింది. ఎవరో ఒకరు రాసిస్తే అందరూ బట్టీపట్టారని తెలిసిపోతూనే ఉంది. వదినగారు కిటికీలోంచి బయటికి చూడసాగారు.

ఏదో ఒకటి చేయాలనిపించింది. నేనే నోరు తెరిచాను. "హీరో... ఖానా... ఇత్నా టైం క్యోం? గావ్... పానీ మే! ట్రైన్ ఛూట్ గయా!"

ఊరు మునుగుతుంటే తిండికి అంతసేపెందుకు, రైలు తప్పిపోయింది అని నా భావం. గది గొల్లుమంది. పేపర్లో పేరు పడే పెద్దమనిషి ఇంత ఘోరంగా మాట్లాడినా పైకప్పు ఊడిపడలేదని పిల్లలకు అర్థమైంది. అంతే, గేటు ఎత్తినట్టయింది. కొల్లేరు మధ్య లంక గ్రామంనుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న అబ్బాయి ఒకడు లేచాడు. "హీరో పానీ మే గిరా. బాహర్ ఆయా. ఏక్ భీ గుర్రపుడెక్క నహీ లగా అండీ!" నీళ్ళలోంచి లేచినా ఒంటికి ఒక్క ఆకైనా అంటలేదేమని వాడి బాధ. గుర్రపుడెక్క పట్టని నీళ్ళు వాడి లోకంలో లేవు. ఇంకొకడు "వో బొంబాయి పానీ హై రా!" అని అరిచాడు. హెడ్‌మాస్టరుగారి భుజాలు కదిలాయి.

అప్పుడు చివరి బెంచీ అమ్మాయి లేచింది. తనూ లంక పిల్లే. సన్నటి గొంతు. నావైపు కాకుండా బల్లవైపు చూస్తూ అడిగింది.

"ఖాలీ పేట్ సే కౌన్ ఉడేగా అండీ?"

ఖాళీ కడుపుతో ఎవరెగురుతారు అని. ఆ పిల్ల ఆగలేదు. కొంత హిందీ, కొంత తెలుగు, మధ్యలో చేతులు. వాళ్ళ ఊళ్ళోకి వరదనీళ్ళు వచ్చిన రోజున "మేరీ మా నే పహలే చావల్ పకాయా" అంది. పొయ్యిలోకి నీళ్ళొస్తే ఇక అన్నం ఉండదు. అందుకని ముందు వండి, అందరికీ పెట్టి, ఆ తర్వాతే సామాను పడవలో సర్దిందట. "ఖానే కే బాద్ హీ కామ్. ఆప్ కో నహీ మాలూమ్?" తిన్నాకే పని, మీకు తెలీదా అని.

నేను తెలుగులో ఏదో అనబోయాను.

"హిందీ మే బోలియే అండీ!" అని క్లాసంతా కేకపెట్టింది.

రెండు చేతులూ జోడించాను. బల్లలు మోగాయి. వదినగారి వైపు చూశాను. ఎవరు ఏ మాట తప్పన్నా వెంటనే దిద్దే మనిషి, సుద్దముక్క చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయారు.

బయట వరండాలో హెడ్‌మాస్టరుగారు నా చెయ్యి పట్టుకున్నారు. "ఏవండీ, మీరు బాలేదని రాశారు, వీళ్ళేమో బాగుందంటున్నారు. ఇంతకీ ఎలా ఉందండీ సినిమా?"

"పిల్లలతో చూడొచ్చండీ" అన్నాను. "ఆ ముక్క రాశాను కూడానండీ. అచ్చు కాలేదు."

ఆయన నమ్మలేదని మొహమే చెప్పింది.

వదినగారు గేటుదాకా సాగనంపడానికని వచ్చి, మాటల్లో పడి బస్టాండు దాకా నడిచేశారు. మధ్యలో ఉన్నట్టుండి ఆగారు.

"ఆ పిల్ల క్వార్టర్లీలో హిందీ తప్పింది, తెలుసా మరిదిగారూ? జవాబులు బట్టీ రావు. నేనే సున్నా చుట్టాను."

"ఇవాళ ఎన్నేస్తారండీ?"

అంతలో ఏలూరు బస్సు వచ్చింది. నేనెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. ఆవిడ కిటికీ కిందికి వచ్చి నిలబడ్డారు. బస్సు కదులుతుంటే దానితోపాటు నాలుగడుగులు వేశారు.

"ఖాలీ పేట్ సే కౌన్ ఉడేగా" అన్నారు, ఆ పిల్ల అన్నట్టే, చివర 'అండీ' కూడా చేర్చి. "ఈ మాట గైడులో లేదు మరిదిగారూ. నాకన్నీ తెలుసు. ఏ గైడులోనూ లేదు."