రోహిణి కార్తెలో వాన వాసన

ఇందాక నాలుగు చినుకులు పడ్డాయో లేదో, పక్కింటావిడ "ఒడియాలు తీయండర్రా!" అని కేకేసింది. తడిసిన కట్టెల వాసన కిటికీలోంచి లోపలికి వచ్చింది. ఆ కేక విన్నా, ఆ వాసన తగిలినా నాకు బీబమ్మే గుర్తొస్తుంది.

ఆమె రాజమండ్రిలో అత్తర్లు కాచి అమ్ముకునేది. చెక్కపెట్టెలో సీసాలు సర్దుకుని మా అత్తవారి పెరటి గుమ్మానికి వచ్చేది. నా తోడికోడళ్ళు మల్లె, సంపెంగ కొనుక్కుంటుంటే నేను స్తంభం పక్కన నిలబడి చూసేదాన్ని. పదిహేడో ఏట నా బొట్టు తుడిచేశారు. పువ్వులు పోయాయి, గంధం పోయింది, ముక్కు ఒక్కటే మిగిల్చారు. నేను ఎదురు రావడమే అపశకునమని అందరూ తప్పుకు తిరిగే ఆ ఇంట్లో, "అమ్మాయిగారూ, అన్నం తిన్నారా?" అని అడిగేది బీబమ్మ ఒక్కతే.

ఒక ముసురు రోజు అత్తగారు లోపలికి వెళ్ళాక, "నాకూ ఒకటి చేసిపెట్టవూ?" అని అడిగేశాను. అడిగాక నాకే భయం వేసింది.

ఆమె నవ్వలేదు. "ఏ వాసన ఇష్టమండి మీకు?"

"ఇదే. ఈ వాన."

మాది తుని దగ్గర పల్లె. అక్కడ వానంటే మట్టివాసనే. రాజమండ్రి వాన వేరు. తెప్పలుగా కట్టి గోదావరి మీద తెచ్చిన టేకు దుంగలు, కొట్లలో మెత్తబడిన లవంగాలు, తడికట్టెల పొగ, అన్నీ కలిసి చిక్కగా, ఘాటుగా, నల్లమబ్బే ముక్కులోకి దిగినట్టు ఉండేది.

కొన్ని వారాలకి తెచ్చింది. అగరు, వట్టివేరు, లవంగం, కాల్చిన మట్టిపెళ్ళ కలిపి ఎన్నిసార్లు కాచిందో! దూది అందులో ముంచి నా చెంగున దోపి, సీసా చేతిలో పెట్టింది. "మల్లె పూసుకుంటే పట్టేస్తారు. వాన వాసనని ఎవరు పట్టుకుంటారండి? ఎండాకాలం మాత్రం పూసుకోకండమ్మా, మీకు దణ్ణం పెడతాను."

ఆ వానాకాలం నేను ఎవరికీ తెలియకుండా సంతోషంగా బతికాను.

రోహిణి కార్తెలో ఇంట్లో పేరంటం వచ్చింది. నన్ను వెనకగదిలోంచి రావద్దన్నారు. అవతల నవ్వులు, గాజుల చప్పుడు. దుఃఖం ఆగక, సీసా తీసి మెడకీ చేతులకీ రాసేసుకున్నాను.

కాసేపటికి అత్తగారి కేక: "వానొస్తోందర్రా! ఒడియాలు!" పేరంటాళ్ళంతా పసుపు కాళ్ళతోనే మేడ మీదికి పరుగెత్తారు. పైన ఎండ నిప్పులు చెరుగుతోంది. తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, వెంటనే ఏడుపూ వస్తుంది. దిగివచ్చిన అత్తగారు వాసన పట్టుకుని తిన్నగా నా దగ్గరికొచ్చారు.

"నీకు అత్తరు కావలసొచ్చిందా! ఎవరిచ్చారే?"

పేరంటానికి అత్తరు తెచ్చిన బీబమ్మ పెరట్లోనే ఉంది. "తప్పు నాదేనండి," అంది. "సీసా చెయ్యి జారి అమ్మాయిగారి మీద ఒలికింది. ఆవిడకేం తెలీదు."

అత్తగారు నా వైపు తిరిగారు. "అంతేనా?"

తల ఊపాను.

"మళ్ళీ ఈ వీధిలో కనిపించావంటే ఊరుకోను!" అన్నారు ఆమెతో. మా వీధే బీబమ్మకు కూడు పెట్టేది. పెట్టె చంకన పెట్టుకుని, నన్ను చూడకుండానే వెళ్ళిపోయింది. యానాం వైపు పోయిందని ఎవరో అన్నారు.

ఇప్పుడు కాకినాడలో ఆడపిల్లలకి చదువు చెప్పుకుంటూ ఒంటరిగా ఉంటున్నాను. ఏ అత్తరు పూసుకున్నా అడిగేవాళ్ళు లేరు. అయినా ఎన్నడూ కొనలేదు. తొలకరి పడితే పెరటి తలుపు తీసి, ఆ వాసన ఒళ్ళంతా పట్టేదాకా నిలబడతాను. వినడానికి అత్తగారు లేరు, బీబమ్మ ఏమైందో తెలియదు. అయినా ఆనాడు నోరు పెగలని మాట ప్రతి ఏడూ పైకే అంటాను.

"అడిగింది నేనేనండి, అత్తగారూ."