మూత లోపలి గీతలు

2022, ఎండాకాలం మొదట్లో. నిజామాబాద్ బస్టాండు దగ్గర ఉన్న నా గడియారాల రిపేరు దుకాణానికి ఒకావిడ వచ్చింది. యాభై దాటి ఉంటాయి. పేరు గంగామణి, ఊరు బోధన్. కొంగు ముడి విప్పి ఒక జేబు గడియారం బల్ల మీద పెట్టింది.

"అన్నా, గిది మా బాపుది. ఎప్పటిదో సూసి చెప్పరాదే?"

నలభై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాను. పాత గడియారం తెచ్చినవాళ్లు అమ్మితే ఎంతొస్తుందనే అడుగుతారు. ఈవిడ ఆ ఊసే ఎత్తలేదు.

కంటికి లూప్, అంటే చిన్న భూతద్దం, బిగించుకొని వెనక మూత తీశాను. మూవ్‌మెంట్, అంటే లోపలి యంత్రం, స్విట్జర్లాండ్‌ది. దాని మీది నంబరును కంపెనీ పట్టికతో పోలిస్తే 1930ల నాటిదని తేలింది. పెద్ద ఘనకార్యం చేసినట్టు చెప్పాను.

"తొంభై ఏండ్ల కిందిది చెల్లె. అప్పట్ల పెద్ద పెద్ద ఆఫీసర్లు వాడేటోళ్లు."

ఆమె మొహం వాడిపోయింది. "అయితే సాబుదే అన్నట్టు" అంది.

అప్పుడు చెప్పింది సంగతి. వాళ్ల నాన్న లింగం చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు రసం కాచి పలుకు కట్టించే చోట పనిచేసేవాడు. ఈమె మూడో తరగతిలో ఉండగా, అంటే 1979లో, అక్కడి ఆఫీసరు ఒకాయన జేబు గడియారం పోయింది. ఆ రోజుల్లోనే లింగం జేబులో ఒకటి ఎవరికో కనబడింది. కేసు లేదు, విచారణ లేదు, మాట మాత్రం ఊరంతా తిరిగింది. నాందేడ్ బజారులో ఎప్పుడో కొన్నానని ఆయన ఎంత మొత్తుకున్నా నమ్మినవాడు లేడు. గడియారాన్ని పెట్టెలో పడేసి, చనిపోయేదాకా మళ్లీ ముట్టుకోలేదట. వారంలో ఆయన సంవత్సరీకం.

"ఫోటో ముంగట పెడ్దామని నేనంటున్న. దొంగసొమ్ముకు దండం పెడ్తమా, మంజీరల పారేస్త అంటుండు మా పెద్దన్న. మా బాపు దొంగ కాడని నాకెరుకే. నా ఎరుక ఎవలికి గావాలె?"

నాకు జాలేసింది, కానీ ఏం చేయను? గడియారం ఏ కాలంలో తయారైందో నంబరు చెబుతుంది, ఎవరి జేబులో తిరిగిందో చెప్పదు. కనీసం నడిచేటట్టు చేసి, మెరుగు పెట్టి ఇస్తానని మూత తీసుకొని బఫింగ్ మిషన్ వేశాను. తిరిగే గుడ్డ చక్రానికి ఆనిస్తే లోహం తళతళలాడుతుంది. మూత లోపలంతా సన్న గీకుళ్లు. ముందు వాటి పని పడదామనుకున్నాను.

"ఆగన్నా! రుద్దకు. బాపు గోటి గీతలేమో, ఉండనీ."

విసుగొచ్చింది. చక్రం ఆపి, గోటికి లోహం గీసుకుపోదని చూపిద్దామని మళ్లీ లూప్ పెట్టాను. అవి గీతలు కావు, అక్షరాలు.

వెనకటి పనివాళ్లకు ఒక అలవాటు ఉండేది. రిపేరుకు వచ్చిన ప్రతిసారీ మూత లోపల సూదిమొనతో తారీఖు, తెచ్చినవాళ్ల పేరు, ఊరు గీకేవాళ్లు. నాకు పని నేర్పిన ఉస్తాద్ ఉర్దూలో గీకేవారు. ఆ ఉర్దూ నాకూ నేర్పారు. దుకాణం నా చేతికొచ్చాక నేను గీకుడు మానేసి చీటీలు అంటించడం మొదలుపెట్టాను. ఇప్పుడు ఆ మూతలో పైన మరాఠీ లిపిలో నాందేడ్ అని ఉంది. దాని కింద మా ఉస్తాద్ చేతిరాత. లింగం, బోధన్, 9-74.

"చెల్లె, సాబు గడియారం పోయింది డెబ్బై తొమ్మిదిల అన్నవ్ గదా? గిది డెబ్బై నాలుగులనే మీ బాపు చేతిల ఉన్నది. ఇగో, మా ఉస్తాద్ రాసిండు."

ఉర్దూ రాకపోయినా లూప్ తీసుకొని చాలాసేపు చూసింది. తర్వాత స్టూలు మీద కూలబడి ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది. "ఐదేండ్ల ముందే! ఓ బాపూ, సాక్ష్యం పెట్టెల పెట్టుకొని ఇన్నేండ్లు మాటలు పడ్డవా!"

అక్కడికక్కడే పెద్దన్నకు ఫోన్ కలిపి నాకిచ్చింది. గీసినదంతా రెండుసార్లు చదివి వినిపించాను. "గడియారం నడుస్తదా అన్నా?" అని మెల్లగా అడిగాడు. నడుస్తుందన్నాను. మా నాన్న మీది మచ్చే పోయినంత తేలికైంది నాకు.

ఆ తర్వాత మూతనూ, ఆపిన చక్రాన్నీ మార్చి మార్చి చూశాను. ఆమె అరవకపోతే ఇంకో నిమిషంలో ఆ అక్షరాలు నా చేతులతోనే పోయేవి. ఈ నలభై ఏళ్లలో మెరుగు పేరుతో ఎన్ని మూతలు నున్నగా చేశానో, ఎవరెవరి సాక్ష్యాలు తుడిచేశానో తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఇప్పుడు ఏ గడియారం వచ్చినా మూత లోపల చదవకుండా మిషన్ వేయను.

సంవత్సరీకానికి రెండు రోజుల ముందు తీసుకుపోవడానికి వచ్చింది. టిక్కుటిక్కుమంటుంటే చెవి దగ్గర పెట్టుకొని విని, మళ్లీ నా చేతికిచ్చింది.

"నువ్వు రాయవా అన్నా?"

ఏళ్ల తర్వాత సూది పట్టాను. ఉస్తాద్ రాత కింద గంగామణి, బోధన్ అని గీకి తారీఖు వేశాను. అలవాటు తప్పిన చెయ్యి, అక్షరాలు వంకరపోయాయి. రుద్ది చెరిపి మళ్లీ రాద్దామని పాలిష్ గుడ్డ తీయబోయాను.

"వంకరైతే ఏమాయె అన్నా" అంది గంగామణి. "రుద్దకు."